అరవై ఏళ్ళు నడిచిన శుభ్రత అరవై మూడో ఏట ఎందుకు ఆగింది?

నీలిగోరింట
నాన్నగారికి పార్కిన్సన్ వ్యాధి వచ్చి తొమ్మిదేళ్ళయింది. మొదట కుడిచేతి బొటనవేలు వణికేది. ఇప్పుడు కుర్చీలోంచి లేవాలన్నా ఒకరు పట్టుకోవాలి. ఇన్నేళ్ళలో ఎందరో వైద్యులను అడిగాను. అందరిదీ ఒకటే మాట, మెదడులో ఆల్ఫా సైన్యూక్లిన్ అనే ప్రొటీన్ పేరుకుపోయిందని. అక్కడితో ఆగిపోతారు.

నాకు అంతుపట్టనిది ఇది. ఆ ప్రొటీన్ ఆయన పుట్టినప్పటి నుంచీ ఆయన మెదడులోనే ఉంది కదా. అరవై రెండేళ్ళ పాటు కణాలు దాన్ని తయారు చేశాయి, వాడుకున్నాయి, పాతబడితే తొలగించుకున్నాయి. అరవై మూడో ఏట ఏమైంది? ఎవరో వచ్చి మెదడులో విషం పోసినట్టు రాసిన వ్యాసాలు చదివి చదివి విసిగిపోయాను. ఓదార్పు అక్కర్లేదు. కణం లోపల ఏది చెడిందో ఎవరైనా విడమరిచి చెబుతారా?

విశ్రాంత_పంతులు
ముప్పై ఏళ్ళు జీవశాస్త్రం చెప్పాను కానీ ఈ ప్రశ్న ఇంత సూటిగా నన్ను ఏ పిల్లవాడూ అడగలేదు.

గదిలో నీళ్ళు నిలిచాయంటే కుళాయి ఎక్కువ పారుతూ ఉండాలి, లేదా తూము పూడిపోయి ఉండాలి. అల్జైమర్స్ విషయంలో దీన్ని నిజంగానే కొలిచారు. 2010లో వెలువడిన అధ్యయనంలో రోగుల వెన్నుపాము ద్రవం తీసి, ఆ వ్యాధిలో మెదడులో పేరుకునే అమైలాయిడ్ బీటా అనే ప్రొటీన్ ఎంత వేగంగా తయారవుతోందో, ఎంత వేగంగా తొలగిపోతోందో చూశారు. తయారీ ఆరోగ్యవంతుల్లో ఉన్నట్టే ఉంది. తొలగింపు మాత్రం దాదాపు 30 శాతం మందగించింది. కుళాయి మామూలుగానే ఉంది, తూము ఇరుకైంది. మీ నాన్నగారిది వేరే ప్రొటీన్, వేరే వ్యాధి. అయినా వెతకవలసింది తూము దగ్గరే అని నా నమ్మకం.

చిన్నప్రశ్న
ప్రొటీన్ "పాడవడం" అంటే ఏమిటి అసలు? కుళ్ళిపోతుందా?

విశ్రాంత_పంతులు
కుళ్ళదు, మడత తప్పుతుంది. ప్రొటీన్ అంటే అమైనో ఆమ్లాల దండ. దండగా ఉన్నంతసేపూ అది సాధారణంగా ఏ పనీ చేయదు. తనకు తగ్గ ఆకారంలోకి ముడుచుకున్నాకే ఎంజైమో, కండరపు పోగో, మరొకటో అవుతుంది. ఏ ఆకారంలోకి ముడుచుకోవాలన్న సూచన ఆ దండలోనే ఉంటుందని క్రిస్టియన్ ఆన్ఫిన్సెన్ రుజువు చేశాడు. రైబోన్యూక్లియేజ్ అనే ఎంజైము మడత విప్పేసి వదిలితే గాజుగొట్టంలో అదే మళ్ళీ సరిగ్గా ముడుచుకుంది. 1972లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది ఆయనకు.

గాజుగొట్టంలో ఆ ప్రొటీన్ ఒంటరిది. కణంలో ఊపిరాడని రద్దీ. మడత పూర్తికాని దండలో నీటికి దూరంగా దాగవలసిన జిగురు భాగాలు బయటే ఉంటాయి. పక్కనే అలాంటిదే ఇంకొకటి తగిలితే రెండూ అతుక్కుంటాయి, మూడోది వచ్చి చేరుతుంది. ముద్ద అలా మొదలవుతుంది.

మాటలమూట
మధ్యలో వస్తున్నందుకు మన్నించండి. మన పాఠ్యపుస్తకాల్లోని "మాంసకృత్తులు" అనే మాట ఇక్కడ చాలా అపకారం చేస్తోంది. మా అమ్మకు ఈ సంగతి చెప్పబోతే "మెదడులో మాంసకృత్తులు ఎక్కువయ్యాయంటే తినడం తగ్గించాలేమో" అంది. తినే ప్రొటీనుకూ, కణం తన జన్యువు చూసి స్వయంగా అల్లుకునే ప్రొటీనుకూ తేడా ఆ మాటలో మునిగిపోయింది. తిన్నది అమైనో ఆమ్లాలుగా విడిపోయి దారపు ఉండలా అందుతుంది, అల్లిక అంతా కణానిదే. నేను "ప్రొటీన్" అనే రాస్తాను, ఎవరు తప్పు పట్టినా సరే.

విశ్రాంత_పంతులు
తప్పు పట్టను. మీ అమ్మగారిలాగే అనుకున్న తల్లిదండ్రులను నేనూ చూశాను.

కణంలోపల
ఈ రంగంలోనే పనిచేస్తాను, ఒక మిల్లీమీటరు పొడవుండే పురుగుల మీద. కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

పంతులుగారు చెప్పిన జిగురు భాగాలకు కాపలాగా కణంలో షాపెరోన్లు అనే ప్రొటీన్లు ఉంటాయి. హెచ్ఎస్‌పీ-70 లాంటివి ఆ జిగురు భాగాన్ని పట్టుకుని, వదిలి, మళ్ళీ పట్టుకుని, దండకు కుదురుకునే అవకాశం ఇస్తాయి. ఇంకొన్ని పీపా ఆకారంలో ఉంటాయి. ముడుచుకోవలసిన ప్రొటీనును లోపల పెట్టుకుని మూత వేసి కాసేపు ఏకాంతం కల్పిస్తాయి. వీటి కథ మొదలైంది అనుకోకుండా. 1960ల మొదట్లో ఫెర్రుచ్చియో రిటోసా ఈగల మీద పనిచేస్తుండగా వాటిని ఉంచిన పెట్టె వేడిని ఎవరో పెంచేశారు. చూస్తే క్రోమోజోములలో కొత్త చోట్ల ఉబ్బులు కనిపించాయి. వేడికి ప్రొటీన్ల మడతలు చెదురుతుంటే కణం కాపలాదారులను హడావుడిగా తయారు చేసుకుంటోందన్న అర్థం తేలడానికి చాలా ఏళ్ళు పట్టింది.

మడత కుదరకపోతే తీసివేయాలి. దానికి రెండు దారులు. ఒక్కో ప్రొటీనుకు యుబిక్విటిన్ అనే 76 అమైనో ఆమ్లాల చిన్న గుర్తును గొలుసుగా తగిలించి ప్రొటియాసోమ్ అనే గొట్టంలోకి పంపి ముక్కలు చేయడం మొదటిది (2004 నోబెల్). ఆ గొట్టం ఇరుకు. మడత విప్పదీయగలిగిన ప్రొటీనే దానిలో దూరుతుంది, ముద్ద దూరదు. ముద్దలకూ పాడైన మైటోకాండ్రియాలకూ రెండో దారి ఆటోఫేజీ. చుట్టూ పొర అల్లి సంచిలా మూసి లైసోసోమ్‌లో కలిపేస్తుంది. అక్కడి ఎంజైములు అరిగించేస్తాయి. ఈస్ట్‌లో దీని జన్యువులను వెలికి తీసినందుకే యోషినోరి ఓసుమికి 2016లో నోబెల్ ఇచ్చారు.

ఇక మీ అసలు ప్రశ్న. షాపెరోన్లు, ఈ రెండు దారులు, మూడూ వయసుతో మందగిస్తాయి. నన్ను ఇప్పటికీ కలవరపెట్టేది, మా పురుగుల్లో ఆ మందగింపు ముసలితనంలో మొదలవదు. గుడ్లు పెట్టడం మొదలైన కొద్ది గంటల్లోనే వేడిని తట్టుకునే స్పందన బాగా పడిపోతుంది. అప్పటికి వాటికి నిండు యవ్వనం. సంతానం దిశగా శరీరం మళ్ళగానే మరమ్మతు మీద శ్రద్ధ తగ్గిస్తుందన్నమాట. మనుషుల్లోనూ అచ్చం ఇలాగే అని అనను. కానీ అరవై మూడో ఏట ఏమైందన్న ప్రశ్నకు నా జవాబు, అరవై మూడో ఏట ఏమీ కాలేదు. అంతకు చాలా ముందే మొదలైంది.

నడిరాత్రి_నర్సు
కణంలోపల గారి చివరి మాట నూటికి నూరుపాళ్ళు నిజం. నేను నాడీవ్యాధుల విభాగంలో పదిహేనేళ్ళుగా రాత్రి విధుల్లో ఉన్నాను. నీలిగోరింట గారూ, ఒక్కటి అడుగుతాను. మీ నాన్నగారు వణుకు రాకముందు నిద్రలో కాళ్ళు విసరడం, అరవడం, కలలో కొట్లాడుతున్నట్టు చేయడం ఉండేదా?

నీలిగోరింట
ఉండేది! అమ్మ విడిగా పడుకోవడం మొదలుపెట్టింది ఆయనకు యాభై దాటిన కొత్తలోనే. మేమంతా పని ఒత్తిడి అనుకున్నాం. వాసన కూడా తెలిసేది కాదు, జలుబు అనుకున్నాం. ఇది రాస్తుంటే చేయి ఆగిపోతోంది.

నడిరాత్రి_నర్సు
మీ తప్పేమీ లేదమ్మా. ఆ రోజుల్లో మీరు చెప్పినా ఆపగలిగిన మందు లేదు. కలల నిద్రలో కండరాలు వదులుగా ఉండకపోవడం పార్కిన్సన్‌కు ఏళ్ళ ముందే రావచ్చు. వణుకు బయటపడే సమయానికి, కదలికలను నడిపే డోపమైన్ అనే రసాయనాన్ని తయారు చేసే కణాల్లో చాలా భాగం అప్పటికే పోయి ఉంటాయి. మిగిలినవి అంతవరకూ భారం మోసుకొచ్చాయి.

చిన్నప్రశ్న
అయితే మెదడుకే ఎందుకు ఈ గతి? కాలేయం, చర్మం కూడా ముసలివవుతాయి కదా.

కణంలోపల
చర్మకణం రెండుగా చీలినప్పుడల్లా దాని చెత్త కూడా రెండు పాళ్ళవుతుంది, పైపొర రాలిపోతుంది కూడా. నాడీకణం చీలదు. మీతోపాటే పుట్టి మీతోపాటే పోతుంది. పైగా దాని ఆకారం చూడండి. వెన్ను నుంచి పాదం దాకా మీటరు పొడవున సాగే తంతువు ఉంటుంది. దాని కొసన తయారైన ఆటోఫేజీ సంచి, కణదేహం వైపు అంత దూరం మోసుకొస్తే గానీ పూర్తిగా అరగదు. దారిలో ఎక్కడ అడ్డు పడినా పేరుకోవడమే. పార్కిన్సన్‌లో ముందుగా పోయే డోపమైన్ కణాలది మరీ కష్టం. మనిషిలో ఒక్కో కణం ఇతర కణాలతో కలిసే సంధులను పది లక్షలకు పైగా పోషిస్తుందని అంచనా.

విశ్రాంత_పంతులు
మెదడుకే కాదు, చిన్నప్రశ్న గారూ. కంటి కటకం లోపలి పొరల్లోని క్రిస్టలిన్లు మనం పుట్టకముందు తయారైనవి. ఆ కణాలకు కేంద్రకం ఉండదు, కొత్త ప్రొటీన్ అల్లుకోలేవు. ఆల్ఫా క్రిస్టలిన్ తానే ఒక షాపెరోన్. పక్కవాటిని అతుక్కోకుండా దశాబ్దాల పాటు కాచుకుంటూ ఉంటుంది. ఆ నిల్వ అయిపోయాక ముద్దలు కట్టి కటకం మసకబారుతుంది. శుక్లం అంటే అదే. ప్రొటీన్ల కాపలా చేతులెత్తేసిన దృశ్యాన్ని మనం ఉత్త కళ్ళతో చూడగలిగిన చోటు అదొక్కటే అని పిల్లలకు చెప్పేవాణ్ణి. మా ఆవిడకు శస్త్రచికిత్స చేసిన రోజున ఆ మాటే గుర్తొచ్చింది. కటకాన్ని మార్చగలం. మెదడును మార్చలేం.

ఉపవాసి
ఇంత పెద్ద చర్చ ఎందుకు? ఆటోఫేజీని పెంచేది ఉపవాసం. నోబెల్ వచ్చిందే దానికి. నేను నాలుగేళ్ళుగా రోజుకు పదహారు గంటలు ఏమీ తినను. మతిమరుపు, వణుకు దరిచేరవు. నీలిగోరింట గారు నాన్నగారి చేత మొదలుపెట్టించాలి.

నడిరాత్రి_నర్సు
దయచేసి వద్దు. ముదిరిన పార్కిన్సన్‌లో బరువు తగ్గిపోవడమే పెద్ద బాధ. మింగడం కష్టమవుతుంది, లేవగానే రక్తపోటు పడిపోతుంది. ఇలాంటి సలహా విని తండ్రిని పస్తులుంచిన ఒక కొడుకును చూశాను. ఆ పెద్దాయన స్నానాలగదిలో పడి తుంటి విరిగి మా దగ్గరకు వచ్చారు. ప్రేమతోనే చేశాడు ఆ అబ్బాయి. ఆ రాత్రంతా నడవాలో కూర్చుని ఏడ్చాడు.

కణంలోపల
ఉపవాసి గారూ, నోబెల్ వచ్చింది ఉపవాసానికి కాదు, ఈస్ట్‌లో ఆటోఫేజీ యంత్రాంగాన్ని విప్పి చూపినందుకు. ఆహారం తగ్గితే ఎంటార్ అనే అదుపు సడలి ఆటోఫేజీ పెరుగుతుందన్నది నిజమే. రాపామైసిన్ అనే మందు ఆ అదుపునే పట్టుకుంటుంది. 2009లో ముసలి ఎలుకలకు పెడితే అవి ఎక్కువ కాలం బతికాయి. కానీ తూము చివర లైసోసోమే పూడిపోయి ఉంటే ఇటునుంచి మరిన్ని సంచులు పంపి లాభం ఏమిటి? అరగని సంచులు గుట్టపడతాయి. అల్జైమర్స్ రోగుల నాడీకణాల్లో అచ్చం అలాంటి గుట్టలే కనిపిస్తాయి. ఆటోఫేజీని పెంచేముందు ఏ మెట్టు దగ్గర ఆగిందో తెలుసుకోవాలి.

ఉపవాసి
నాకు మేలు జరిగిన మాట వాస్తవం. రోగులకు వర్తించదంటే ఒప్పుకుంటాను. ఆ పెద్దాయన విషయం చదివి బాధ కలిగింది.

ఎందుకు_ఎలా
మీరంతా ముద్దనే దోషిగా నిలబెట్టేశారు. నాకు అంత నమ్మకం లేదు. హంటింగ్టన్ అనేది వంశపారంపర్యంగా వచ్చే మెదడు వ్యాధి. 2004లో దానికి కారణమైన ప్రొటీన్ ఉన్న నాడీకణాలను ఒక్కొక్కటిగా రోజుల తరబడి గమనించారు. ముద్ద కట్టిన కణాలు, కట్టని వాటికంటే ఎక్కువ కాలం బతికాయి. అంటే విడిగా తిరుగుతూ హాని చేసే వాటిని ఒక మూలకు చేర్చి పెట్టడమే ముద్ద కావచ్చు. చెత్తబుట్టను చూసి చెత్తకు కారణం అదే అంటే ఎలా?

ఇంకొకటి. అల్జైమర్స్‌కు ఇచ్చే లెకానెమాబ్ అనే మందు మెదడులోని అమైలాయిడ్‌ను బాగా తొలగిస్తుంది. 2023లో అమెరికాలో పూర్తి అనుమతి వచ్చింది. 18 నెలల్లో క్షీణత 27 శాతం నెమ్మదించింది అంటారు. వ్యాధి తీవ్రతను కొలిచే 18 పాయింట్ల కొలబద్ద మీద తేడా చూస్తే 0.45. కొందరికి మెదడులో వాపు, రక్తస్రావం. గుట్టను తవ్వి పోసినా క్షీణత ఆగలేదు.

పంతులుగారి తూము ఉపమానానికి కూడా ఒక చిక్కు ఉంది. పార్కిన్సన్ రోగుల మెదడులో పిండం నుంచి తీసిన నాడీకణాలను నాటారు. 2008లో, అంటే 11 నుంచి 16 ఏళ్ళ తర్వాత, వారి మరణానంతరం చూస్తే ఆ లేత కణాల్లో కూడా ల్యూయీ ముద్దలు, అంటే సైన్యూక్లిన్ పేరుకున్న ముద్దలు, ఉన్నాయి. ఆ కణాల వయసు మహా అయితే పదహారు. వాటి తూము ముసలిదయిందంటారా?

విశ్రాంత_పంతులు
దెబ్బ సరిగ్గా తగిలింది. ఆ సంగతి నాకు తెలియదు. రాత్రి నిద్ర పట్టలేదు.

కణంలోపల
ఎందుకు_ఎలా గారు చెప్పినవన్నీ సరైనవే, ఒక్క ముగింపు తప్ప. తప్పుగా ముడుచుకున్న సైన్యూక్లిన్ ఒక కణం నుంచి పక్క కణానికి చేరి, అక్కడి మంచివాటిని తన అచ్చులో పోస్తుంది. ప్రియాన్లలో, అంటే తమ తప్పుడు మడతను పక్కవాటికి అంటించే ప్రొటీన్లలో, స్టాన్లీ ప్రూసినర్ చూపిన తీరే ఇది. లేత కణాలకు ఆ అచ్చు పొరుగు నుంచి వచ్చింది. కాబట్టి తూము ముసలిదవడం ఒక్కటే కారణం కాదు, నిజమే. మరి ఆ అచ్చు మొదటిసారి ఎక్కడ తయారైంది? దాన్ని అప్పుడే పట్టి పారేయలేకపోయిన కణం ఎక్కడో ఒకటి ఉండాలి కదా.

లెకానెమాబ్ గురించి ఒక్క మాట. అది కణాల బయట పేరుకున్నదాన్ని తీస్తుంది. ఈ చర్చంతా కణం లోపలి మరమ్మతు గురించి. బయట ఊడ్చినంత మాత్రాన లోపలి ఇల్లు బాగుపడదు. అయినా ఆ 0.45 చిన్నదని తోసిపుచ్చలేను. ఇన్ని దశాబ్దాల తర్వాత మొదటిసారి సూది కాస్త కదిలింది.

ఒంటరి_పిచ్చుక
నెలలుగా చదువుతున్నాను, మొదటిసారి రాస్తున్నాను. మాది హంటింగ్టన్ కుటుంబం. 1993లో ఆ జన్యువును గుర్తించారు. దానిలో సీఏజీ అనే మూడు డీఎన్‌ఏ అక్షరాలు 40 లేదా అంతకు మించి వరుసగా వస్తే వ్యాధి తప్పదు. అమ్మకు 44. నాకూ 44. పరీక్ష చేయించుకున్నది నేనే, ఎవరూ బలవంతపెట్టలేదు.

నీలిగోరింట గారి ప్రశ్న నాకు రోజూ వచ్చేదే. ఆ ప్రొటీన్ అమ్మలో పిండంగా ఉన్నప్పటి నుంచే ఉంది. నలభై ఒకటో ఏట చేతిలో గ్లాసు జారే వరకూ ఆవిడ నాట్యం నేర్పేది. అంటే అన్నేళ్ళూ లోపల ఏదో దాన్ని అదుపులో పెట్టింది. ఎందుకు_ఎలా గారు చెప్పిన 2004 సంగతి చదివాక, ఆ ముద్దలు శత్రువులు కావేమో, ఓడిపోతూ కూడా కాపాడబోయిన చేతులేమో అనిపించింది. ఆ ప్రొటీన్ తయారీనే తగ్గించే మందు మీద మేమంతా ఆశ పెట్టుకున్నాం. 2021లో ఆ పెద్ద పరీక్షలో మందు ఇవ్వడం ఆపేశారు. ఆ వార్త వచ్చిన రోజు నాకు ముప్పై రెండు.

నడిరాత్రి_నర్సు
రాసినందుకు సంతోషం. ఎప్పుడు రాసినా చదువుతాం.

ఎందుకు_ఎలా
చెత్తబుట్ట అన్నాను నేను. మీరు కాపాడబోయిన చేతులు అన్నారు. మీ మాటే సరైనది.

కణంలోపల
ఒంటరి_పిచ్చుక గారికి ఒక సంగతి చెప్పాలి. ప్రొటీనును మొదటి మడత దగ్గరే పట్టి నిలిపితే వ్యాధి నెమ్మదిస్తుందని మనుషుల్లో ఇప్పటికే రుజువైంది. ట్రాన్స్‌థైరెటిన్ అనే ప్రొటీన్ నాలుగు భాగాలు కలిసి తిరుగుతుంది. విడిపోతే మడత తప్పి నరాల్లో, గుండెలో పేరుకుంటుంది. టఫామిడిస్ అనే మాత్ర ఆ నాలుగింటినీ విడిపోకుండా పట్టి ఉంచుతుంది. యూరప్‌లో 2011లోనే అనుమతి వచ్చింది. మెదడు వ్యాధి కాదు, మీ వ్యాధీ కాదు. దారి ఉందని మాత్రం తెలిసింది.

నీలిగోరింట
వారం తర్వాత వస్తున్నాను. మీరు రాసినవన్నీ నాన్నగారికి చదివి వినిపించాను. ఆయన లెక్కల మనిషి, అన్నీ రెండేసి సార్లు చదివించుకున్నారు. ఆ తర్వాత పాత కాగితాలు తీసి చూస్తే, మూడేళ్ళ క్రితం చేసిన జన్యు పరీక్ష ఫలితంలో "జీబీఏ1లో మార్పు, ఒక ప్రతి" అని ఉంది. అప్పుడు ఎవరూ వివరించలేదు. కణంలోపల గారూ, ఇది దేనికి సంబంధించింది?

కణంలోపల
లైసోసోమ్‌కు. ఆ జన్యువు గ్లూకోసెరిబ్రోసిడేజ్ అనే ఎంజైము తయారు చేస్తుంది. లైసోసోమ్‌లో ఒక రకం కొవ్వును అరిగించేది అదే. అది తక్కువైతే కొవ్వు నిలిచి సైన్యూక్లిన్ అరగడం మందగిస్తుంది. పేరుకున్న సైన్యూక్లిన్ తిరిగి ఆ ఎంజైమును లైసోసోమ్‌కు చేరనివ్వదు. ఒకదాన్నొకటి బిగించే ఉచ్చు. పార్కిన్సన్‌కు దారితీసే జన్యుమార్పుల్లో అత్యంత సాధారణమైనది ఇదే. మీరు అడిగిన తూము మీ నాన్నగారి విషయంలో చాలావరకు ఇదే.

ఆంబ్రాక్సాల్ అనే పాత దగ్గు మందు ఈ ఎంజైముకు మడత కుదిరేలా ఊతమిస్తుంది. 2020లో 17 మంది మీద చేసిన చిన్న అధ్యయనంలో అది మెదడు ద్రవం దాకా చేరిందని తేలింది. పెద్ద పరీక్ష మొదలైంది. అందులో వాడే మోతాదు దగ్గుకు వాడేదానికి పది రెట్లకు పైన. మీరుగా కొని ఇవ్వకండి, మీ వైద్యులను పరీక్షల గురించి అడగండి.

నీలిగోరింట
నాన్నగారికి చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "అంటే నా తూము పుట్టుకతోనే ఇరుకు. అయినా అరవై ఏళ్ళు లాక్కొచ్చింది" అన్నారు. గొంతులో ఫిర్యాదు లేదు, తన కణాలను మెచ్చుకుంటున్నట్టు అన్నారు. ఆ వెంటనే "నీకూ, చెల్లికీ ఉందేమో" అని అడిగారు. దానికి నా దగ్గర జవాబు లేదు.

ఒంటరి_పిచ్చుక
మీ ఇద్దరిలో ఒక్కొక్కరికీ సగానికి సగం అవకాశం. కానీ నాది వేరు, మీది వేరు. నా 44కి తప్పించుకునే దారి లేదు. జీబీఏ1 మార్పు ఉన్నవాళ్ళలో ఎక్కువమందికి పార్కిన్సన్ ఎప్పటికీ రాదు. పరీక్షకు ముందు జన్యు సలహాదారుతో మాట్లాడండి. ఫలితం ఎవరికి చెప్పాలో, ఎవరికి చెప్పకూడదో ముందే అనుకోండి. చెల్లి వద్దంటే ఆమె మాట ఆమెదే. నేను కవరు తెరిచిన రోజు పక్కన ఒకరు కూర్చున్నారు. మీకు కావాలంటే నేను ఉంటాను.

నీలిగోరింట
వచ్చే నెల పద్దెనిమిదిన అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. చెల్లి ఇంకా ఆలోచించుకుంటానంది.